పత్తి ఊరికో శనివారం

2023 సెప్టెంబరు 2న ఇంగ్లండ్‌లోని బర్న్‌లీలో టాటెన్‌హామ్‌తో ఫుట్‌బాల్ ఆట మొదలైన నాలుగో నిమిషంలోనే సొంత ఊరి జట్టు గోల్ కొట్టింది. కొట్టినవాడు లైల్ ఫోస్టర్. మర్నాటికి 23 ఏళ్లు నిండబోతున్న దక్షిణాఫ్రికా యువకుడు, సొవెటో బిడ్డ. ఆ రోజు బర్న్‌లీ 5-2 తేడాతో ఓడిపోయింది. కానీ ఆ గోల్ దాకా ఫోస్టర్ నడిచిన దారిని కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లు కాస్త నిదానించి చూడాలి. అతను సొవెటో నుంచి నేరుగా ఇంగ్లండ్ వెళ్లలేదు. జొహనెస్‌బర్గ్ క్లబ్బు ఓర్లాండో పైరేట్స్ పిల్లల జట్లలో పెరిగాడు, ఆ క్లబ్బుకే పెద్దల లీగ్‌లో ఆడాడు. 18 నిండాక, 2019 జనవరిలో మొనాకో తీసుకుంది. అక్కడ నిలదొక్కుకోలేదు. బెల్జియం, పోర్చుగల్, మళ్లీ బెల్జియం తిరిగి, వెస్టర్లో అనే చిన్న క్లబ్బులో గోల్స్ కొట్టాకే 2023 జనవరిలో బర్న్‌లీ పిలిచింది. వార్తల్లోకెక్కేది చివరి మెట్టు ఒక్కటే. నా వాదన మొదటి మెట్టు గురించి. ఆటగాడి భవితవ్యాన్ని ఇంగ్లండ్ క్లబ్బులు తేల్చవు, 18 ఏళ్లలోపు అతని సొంత ఊరు తేలుస్తుంది. పశ్చిమ కర్నూలు పిల్లలకు అందనిది ఆ మొదటి మెట్టే.

ఇది మాటవరసకు అంటున్నది కాదు, నిబంధనలే అలా ఉన్నాయి. 18 ఏళ్లు నిండని పిల్లవాణ్ణి దేశం దాటించి క్లబ్బులో చేర్చుకోవడాన్ని ఫిఫా కొద్దిపాటి మినహాయింపులతో నిషేధించింది. యూరప్ దేశాల మధ్య 16 ఏళ్లకే మారే వెసులుబాటు ఉండేది. బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులకు అదీ పోయింది. 18 నిండాక కూడా దేశం ర్యాంకు అడ్డొస్తుంది. దక్షిణాఫ్రికా లీగ్‌లో మేటి అనిపించుకున్న పెర్సీ తావును 2018లో బ్రైటన్ కొనుక్కుంది. అతని జాతీయ జట్టు ప్రపంచ ర్యాంకుల్లో వెనకబడి ఉండడంతో పని అనుమతి రాలేదు. రెండున్నరేళ్లు బెల్జియంలో మూడు క్లబ్బులకు ఆడి, 2021 జనవరిలో గానీ బ్రైటన్ చొక్కా తొడుక్కోలేకపోయాడు. తొడుక్కున్నా ఆడింది కొద్ది మ్యాచులే, అదే ఏడాది ఈజిప్టు క్లబ్బు అల్ అహ్లీకి వెళ్లిపోయాడు. మన సునీల్ ఛెత్రీది ఇంకా చేదు కథ. 2009లో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతనితో ఒప్పందం కుదుర్చుకుంటే, భారత్ మొదటి 70 ర్యాంకుల్లో లేదని బ్రిటన్ ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. ఇప్పుడున్న పాయింట్ల పద్ధతిలోనూ జాతీయ జట్టు ర్యాంకు, ఆడిన లీగ్ స్థాయి, ఆడిన నిమిషాలు లెక్కలోకి వస్తాయి. 2023లో కొన్ని సడలింపులు వచ్చాయి, గుమ్మం మాత్రం అక్కడే ఉంది. ఆ గుమ్మాన్ని ఆదోని జరపలేదు. అక్కడిదాకా నడిచే కాళ్లను తయారు చేయడం మాత్రం ఆదోని చేతుల్లోనే ఉంది.

ఇంతకీ బర్న్‌లీ ఎలాంటి ఊరు? లాంకషైర్‌లోని పాత నేత పట్నం. పత్తి బట్టతో బతికిన ఊరు, మిల్లులు మూతబడి నలిగిన ఊరు. 2021 లెక్కల్లో బర్న్‌లీ, చుట్టుపక్కల ఊళ్లు కలిపి జనం సుమారు 95 వేలు. 2011 జనగణనలో ఎమ్మిగనూరు జనం కూడా ఇంచుమించు అంతే. ఆదోని దానికి ఒకటిన్నర రెట్లు పైనే. ఆదోని పత్తి యార్డు, జిన్నింగ్ మిల్లులు, ఎమ్మిగనూరు మగ్గాలు చూసిన కళ్లకు బర్న్‌లీ పరాయిగా కనిపించదు. 1888లో ప్రపంచంలోనే మొదటి ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు చేరిన 12 క్లబ్బుల్లో ఆరు లాంకషైర్‌వి. బర్న్‌లీ, బ్లాక్‌బర్న్, బోల్టన్, ప్రెస్టన్, ఆక్రింగ్టన్, ఎవర్టన్. వీటిలో లివర్‌పూల్ రేవుకు చెందిన ఎవర్టన్ తప్ప మిగతావన్నీ పత్తి పట్నాలే. అంతకు ముందే, 1883లో, నేతపనివాళ్లూ నూలు వడికేవాళ్లూ ఉన్న బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు ఈటన్ బడిలో చదివిన దొరబాబుల జట్టును ఓడించి ఎఫ్‌ఏ కప్ ఎత్తుకెళ్లింది. డబ్బుంటేనే ఫుట్‌బాల్ అనేవాళ్లకు ఇంతకంటే సమాధానం అక్కర్లేదు. అయితే ఆ కార్మికులకు ఒకటి దొరికింది. 1850 ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో స్త్రీల, యువ కార్మికుల పనిని శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆపించింది. వాళ్లు లేనిదే మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకూ ఆ పూట విడుపు చిక్కింది. ఆ శనివారం సాయంత్రాల్లోనే ఇంగ్లండ్ కార్మికుల ఫుట్‌బాల్ పెరిగింది. ప్రతి వారం అదే రోజున, అదే చోట, గెలిచినా ఓడినా మళ్లీ వచ్చే ఆట అది.

మన పిల్లలకు అటువంటి వారం లేదు. వాళ్లకు ఉన్నది ఏడాదికోసారి వచ్చే స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు, పండగకో నాయకుడి పుట్టినరోజుకో పెట్టే నాకౌట్ టోర్నీలు. నాకౌట్ అంటే మొదటి రోజే సగం జట్లు ఇంటి దారి పడతాయి. రెండు నెలలు సాధన చేసిన పిల్లాడు గంట ఆడి, ఓడి, మళ్లీ ఏడాది దాకా బూట్లు మూలన పెడతాడు. తప్పు దిద్దుకునే రెండో మ్యాచే లేనప్పుడు కోచ్ ఎంత మంచివాడైతే ఏం లాభం? అదే ఎనిమిది జట్లతో లీగ్ పెట్టి, ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడితే ఒక్కో పిల్లాడికి 14 మ్యాచులు దక్కుతాయి. మొత్తం 56 మ్యాచులు, వారానికి నాలుగు చొప్పున 14 వారాల్లో అయిపోతాయి. ఆదోని నుంచి నాలుగు జట్లు, ఎమ్మిగనూరు నుంచి నాలుగు. రెండు ఊళ్లకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల ప్రాంతం, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పచ్చిక అక్కర్లేదు. రాళ్లు ఏరిన మునిసిపల్ పాఠశాల మైదానం, సున్నపు గీతలు, రెండు జతల గోల్ స్తంభాలు, విజిల్ పట్టుకోగల పీఈటీ సారు ఉంటే చాలు. బాలికలకు విడిగా ఇలాంటిదే మరొకటి.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తాగునీటికీ సాగునీటికీ అల్లాడే నేలలో, కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం పల్లెల నుంచి జనం సుగ్గికి, అంటే పనుల వలసకు, పోయే కాలంలో, గుంటూరు మిరప చేలలోకీ బెంగళూరు కట్టడాల మీదికీ పిల్లల్ని కూడా వెంటబెట్టుకుపోయే స్థితిలో బంతి ఆట ఎవరికి కావాలి? ముందు కూడు కావాలి, బడి కావాలి. నిజమే. నా మట్టుకు నాకు లీగ్ అవసరాన్ని అందరికంటే గట్టిగా చెప్పేది ఈ వలసే. పైర్ల పని ముగిసి ఇళ్లకు తాళాలు పడే నెలల్లో పిల్లలు బడికి దూరమవుతారు, ఒకసారి దూరమైనవాళ్లలో చాలామంది తిరిగి రారు. తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలు ఊళ్లోనే చదువుకోవాలని జిల్లాలో సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అన్నం, పడక ఇస్తే పిల్లలు ఉండిపోతారన్నది వాటి వెనకున్న ఆలోచన. పన్నెండేళ్ల పిల్లాడు అమ్మానాన్నల్ని వదిలి ఉండాలంటే అన్నం ఒక్కటీ చాలదు, రేపటి కోసం ఎదురుచూసే కారణం ఏదో ఉండాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా సాగే లీగ్ అచ్చంగా ఆ నెలల్లోనే పడుతుంది, ఎండ కూడా అప్పుడే ఓర్చుకోదగ్గట్టు ఉంటుంది. హాస్టల్ పిల్లల జట్టు ఒకటి ఆ ఎనిమిదింటిలో ఉంటే, వచ్చే శనివారం మ్యాచ్ ఉందన్న మాట ఆ పిల్లాణ్ణి గుంటూరు బండి ఎక్కకుండా ఆపుతుంది. బడికి రానివాడికి మ్యాచ్ లేదని ఒక నియమం పెడితే, హాజరు పట్టీ సాధించలేనిది బంతి సాధిస్తుంది.

క్రికెట్ దేశంలో ఇవన్నీ సాగవని కొందరంటారు. తెలుగు నేల చరిత్రే దీన్ని ఒప్పుకోదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికీ, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదీ. అమ్ముగూడ వీధుల్లో ఆడి పెరిగిన తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. ఆ పాత గొప్పతనం సరే, ఇవాళ్టి సంగతేమిటంటారా, పొరుగు జిల్లా చూడండి. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లు మీదుగా వెళ్తే అనంతపురం. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడాగ్రామం కట్టి, పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాతో కలిసి పనిచేసింది. వాన విషయంలో అనంతపురం మనకంటే అదృష్టమైన నేలేమీ కాదు. ఇక నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు ఆడడానికి వెళ్లింది, తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున దేశ విజేతగా నిలిచింది. ఆడపిల్లల విషయంలో ఇంగ్లండ్ గుమ్మం కూడా మనకు కొంచెం దగ్గర. పురుషుల జట్టు మొదటి వంద ర్యాంకుల్లో లేకపోయినా, మహిళల జట్టు 2025లో డెబ్బై ప్రాంతంలో ఉంది, థాయ్‌లాండ్‌ను ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. పత్తి చేలల్లో పూలు తీసే అమ్మాయిల వేగం ఇంతవరకూ ఎవరూ కొలిచి చూడలేదు. నన్నడిగితే లీగ్ మొదలుపెట్టాల్సింది బాలికలతోనే.

డబ్బు సంగతికి వస్తే, చాలామందికి తెలియని ఫిఫా నియమం ఒకటుంది. ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ణి వేరే దేశపు క్లబ్బు సొమ్ము చెల్లించి తీసుకుంటే, ఆ సొమ్ములో ఐదు శాతాన్ని అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 వరకు ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత ఏడాదికి అర శాతం. 12 నుంచి 17 ఏళ్ల దాకా ఎమ్మిగనూరు క్లబ్బులోనే ఆడిన కుర్రాణ్ణి రేపు ఎవరైనా పది కోట్లకు కొంటే, ఎమ్మిగనూరుకు రెండు శాతం, అంటే 20 లక్షలు రావాలి. ఆ వాటా దక్కాలంటే క్లబ్బు రిజిస్టరై, పిల్లాడి పేరు ఏటా అందులో నమోదై ఉండాలి. ఎమ్మిగనూరుకు ఈ తరహా సంస్థ కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం నిలబెట్టిన ఊరు అది. పూట గడవని మగ్గం మనిషి కూడా వాటాదారే అన్న ఆ సూత్రంతోనే క్లబ్బును నిలబెట్టొచ్చు.

చివరి అభ్యంతరం ఒకటుంది. లక్షమందిలో ఒకరికి దక్కేదాన్ని చూపి పేదపిల్లల్ని ఊరించడం న్యాయమా? కాదు, అందుకే ఇంగ్లండ్‌ను ఎరగా చూపొద్దంటున్నాను. ఫోస్టర్ గెలుపు వెనక ఇంకో నిజం కూడా ఉంది. ప్రీమియర్ లీగ్‌లో గోల్ కొట్టిన రెండు నెలలకే అతను మానసికంగా కుంగి ఆటకు దూరమయ్యాడు, నిపుణుల వద్ద చికిత్సలో ఉన్నాడని బర్న్‌లీ బహిరంగంగా చెప్పి, అతనికి సమయమిచ్చింది. అంత ఎత్తుకు చేరినవాడికే అంత ఆసరా కావలసి వస్తే, విదేశీ ట్రయల్స్ పేరుతో ఏజెంట్లకు లక్షలు కట్టి మోసపోయే ఇంటికి ఆసరా ఎవరు? ఊళ్లో లీగ్ ఉంటే పిల్లాడి స్థాయి ఏమిటో 14 మ్యాచుల్లో తల్లిదండ్రులకే తెలుస్తుంది, ఏజెంటు మాట నమ్మనక్కర్లేదు. దేశంలో పెద్ద లీగే 2025లో ఒప్పందాల తగవుల్లో పడి వేళకు మొదలవలేదని నిరాశపడేవాళ్లూ ఉన్నారు. పన్నెండేళ్ల పిల్లల మ్యాచ్‌కు ఢిల్లీ ఒప్పందం అక్కర్లేదు.

కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు మునిసిపాలిటీలకూ, పత్తి వ్యాపారులకూ, జిన్నింగ్ మిల్లుల యజమానులకూ, విద్యాశాఖ అధికారులకూ ఒకటే విన్నపం. స్టేడియం కట్టమని అడగడం లేదు. ఉన్న మైదానాల్లో రెండింటిని శనివారం మధ్యాహ్నం రెండు నుంచి పిల్లలకు వదలండి, ఎనిమిది జట్ల పేర్లు రాసుకోండి, సుగ్గి బండ్లు కదలకముందే మొదటి మ్యాచ్ తేదీ ప్రకటించండి.