జబ్బు తగ్గినా ముద్ద దిగదు

నోటి కేన్సర్‌కో, గొంతు కేన్సర్‌కో ఆపరేషన్ చేయించుకుని, కరెంటు పెట్టించుకుని ఇల్లు చేరిన మనిషిని చూసి ఊరివారు “గండం గడిచింది, ఇంకేం ఫర్వాలేదు” అంటారు. గండం గడిచిన మాట నిజమే. కాని ఆ మనిషి నోట్లో తడి ఉండదు. ముద్ద పెట్టుకుంటే గొంతు దిగదు. ఆవలింత వచ్చినా దవడ తెరుచుకోదు. ఏడాది గడిచినా, రెండేళ్లు గడిచినా చాలామందికి ఈ బాధలు వదలవు. ఆస్పత్రి నుంచి పంపించిన రోజుతో వైద్యం అయిపోయిందని ఇంటివారు అనుకుంటున్నారు. ప్రభుత్వం లెక్కలోనూ అక్కడితో ఫైలు మూసినట్టే. రోగికి మాత్రం రెండో పోరాటం ఆ రోజే మొదలవుతోంది. అందులో ఇల్లూ, ఊరూ, ఆస్పత్రీ అతనికి తోడు నిలవవలసి ఉంది.

జిల్లాకు కొత్త కాదు

శ్రీకాకుళం జిల్లాకు నోటి కేన్సర్ కొత్త కాదు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఈ తీరంలో తరతరాలుగా ఉన్నదే. మగవారి కంటె ఆడవారిలోనే ఈ అలవాటు ఎక్కువ. 1971లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడిన పరిశోధన 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి రాసినది. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ అలవాటు ఉన్నట్టు అందులో తేలింది. వేడీ, పొగా తిన్నగా అంగిలికి తగలడం వల్ల, మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి కేన్సర్ ఇక్కడ ఎక్కువగా కనిపించింది. అడ్డపొగ కాల్చే ముసలమ్మలు తగ్గుతున్నా, కుర్రవాళ్ల జేబుల్లో ఖైనీ, గుట్కా పొట్లాలు చేరాయి. కనుక ఈ జబ్బు జిల్లాను విడిచిపోయిందని చెప్పడానికి లేదు.

వైద్యం మాత్రం మునుపటి కంటె దగ్గరకు వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం కింద, పేదలు కూడా పెద్ద ఆపరేషన్లు చేయించుకోగలుగుతున్నారు. విశాఖలో కేజీహెచ్ ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. బతికి బయటపడుతున్నవారు పెరుగుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే బతికినవారు ఎలా బతుకుతున్నారన్నది కూడా పట్టించుకోవాలి కదా.

ఉమ్మి ఆరిపోతే

ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. ఉన్నన్నాళ్లూ దాని విలువ ఎవరికీ తెలియదు. దవడ కింద, చెవి ముందు ఉండే గ్రంథులు దీన్ని తయారు చేస్తాయి. కరెంటు వైద్యంలో కేన్సర్‌తో పాటు ఈ గ్రంథులు కూడా దెబ్బ తింటాయి. కొందరికి ఏడాది రెండేళ్లలో కొంత తేరుకుంటుంది. చాలామందికి పూర్తిగా రాదు. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కుంటుంది. రాత్రి నాలుగైదుసార్లు నీళ్ల కోసం లేవవలసి వస్తుంది. రుచి తెలియదు. కారం తగిలితే నిప్పు పెట్టినట్టు మండుతుంది.

దీనికి మంత్రం లేదు గాని ఉపాయాలు ఉన్నాయి. నీళ్ల సీసా ఎప్పుడూ దగ్గర ఉంచుకుని గుక్కెడు గుక్కెడుగా తాగాలి. గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా తినే సోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. పొడి అన్నం, వేపుళ్లు, ఆవకాయ పక్కన పెట్టి, పెసరకట్టు, పల్చని పప్పు, చోడి అంబలి, మజ్జిగన్నం, మెత్తగా ఉడికించి ముల్లు తీసిన చేప, గుడ్డు వంటివి పెట్టాలి. ఇంటిల్లిపాదికీ వండిన కూరే అతనికీ వడ్డించి “తినడం లేదు, మారాం చేస్తున్నాడు” అనడం అన్యాయం. అతనికి ఆకలి లేక కాదు, దిగక తినడం లేదు.

పన్ను పీకించే ముందు

ఉమ్మి తగ్గిన నోట్లో పళ్లు తొందరగా పుచ్చిపోతాయి. పన్ను నొప్పెడితే పల్లెల్లో చేసే పని ఒక్కటే, పీకించెయ్యడం. కరెంటు పెట్టించుకున్న వారికి ఇది ప్రమాదం. కరెంటు తగిలిన దవడ ఎముకకు రక్తం సరిగా అందదు. పన్ను తీసిన చోట గాయం మానదు. ఒక్కొక్కప్పుడు ఎముకే చచ్చిపోయి చీము పట్టి బయటకు వస్తుంది. ఈ ప్రమాదం ఏడాదితో పోయేది కాదు, పదేళ్ల తర్వాతా ఉంటుంది. కనుక పంటి డాక్టరు కుర్చీలో కూర్చోగానే “నాకు దవడకు కరెంటు పెట్టారు” అని మొదట చెప్పాలి. ఆస్పత్రి కాగితాలు చూపించాలి. కరెంటు పెట్టిన ఆస్పత్రిలో అడిగి గాని పన్ను తీయించుకోకూడదు.

బూడిద, ఇటుక పొడి, పొగాకు పొడితో పళ్లు తోమడం మానాలి. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలి. ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకోవాలి. ఈ మాటలు కరెంటు పెట్టక ముందే రోగికి చెప్పి, పాడైన పళ్లను అప్పుడే తీసెయ్యడం మంచి పద్ధతి. చెప్పినా ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఊళ్లో మళ్లీ చెప్పేవారు ఉండాలి.

బిగిసిన దవడ, మారిన గొంతు

నోరు తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. అంతకంటె తగ్గితే దవడ బిగుస్తున్నదని అర్థం. ఆపరేషన్ వల్ల, కరెంటు వల్ల కండరాలు గట్టిపడి ఇలా అవుతుంది. మొదటి నెలల్లోనే వ్యాయామం మొదలుపెడితే చాలావరకు ఆపవచ్చు. ఐస్‌పుల్లల వంటి చెక్క పుల్లలను కట్టగా పేర్చి పళ్ల మధ్య పెట్టి, వారం వారం ఒక్కో పుల్ల పెంచుతూ సాధన చేయించడం ఆస్పత్రుల్లో నేర్పే పద్ధతే. అయితే డాక్టరు చూపించినట్టే చేయాలి. బలవంతంగా తెరవకూడదు. రెండు రోజులు చేసి మానేస్తే ఫలితం ఉండదు.

అంగిలి తీసేసిన వారి కష్టం వేరు. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. మాట ముక్కుతో వస్తుంది. పంటి డాక్టర్లు ఆ కంతకు సరిపడే మూత పళ్ల సెట్టులా తయారు చేసి పెడతారు. దానితో తిండీ, మాటా రెండూ బాగుపడతాయి. మనిషి చిక్కినా, గాయం మారినా అది వదులవుతుంది. మళ్లీ సరిచేయించుకోవాలి. సరిచేయించే చోటు దూరమై, మూత తీసి డబ్బాలో దాచి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కాలం గడపవలసి రావడం విచారకరం.

స్వరపేటిక తీసేసిన వారు మెడ దగ్గర పెట్టిన రంధ్రం గుండానే ఊపిరి పీలుస్తారు. చెరువులో, ఏటిలో, సముద్రంలో మునిగి స్నానం చేయడం వారికి ప్రాణాంతకం. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే చోట, పొగ ఉన్న చోట ఉండకూడదు. రంధ్రం మీద పల్చని తడి గుడ్డ కప్పుకోవాలి. ఈ సంగతి ఇంటివారికే కాదు, వలకు వెంట వెళ్లే వారికీ, పొలంలో పని చెప్పే వారికీ తెలిసి ఉండాలి.

కనిపించని నీరసం

మెడకు కరెంటు పెట్టిన వారిలో చాలామందికి కొన్ని నెలలకో, కొన్నేళ్లకో థైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. ఒళ్లు బరువెక్కుతుంది. చలి ఎక్కువవుతుంది. నిద్ర వదలదు. మనసు దిగులుగా ఉంటుంది. “కేన్సర్ వచ్చినవాడు, నీరసం ఉండదా” అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ అనే రక్త పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. రోజూ ఉదయం ఒక చిన్న మాత్రతో మనిషి తేరుకుంటాడు. ఇంత చిన్న పరీక్ష జరగక మనిషి మంచం పట్టడం కంటె శోచనీయం ఏముంటుంది?

తింటున్నప్పుడు మాటిమాటికీ దగ్గు వస్తున్నా, తరచు జ్వరమూ ఆయాసమూ వస్తున్నా ముద్ద ఊపిరితిత్తుల దారిలో పోతున్నదేమో చూపించుకోవాలి. నిటారుగా కూర్చుని, చిన్న ముద్ద, నెమ్మదిగా తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. మింగడం తిరిగి నేర్పే స్పీచ్ థెరపిస్టులు పెద్ద ఆస్పత్రుల్లో ఉంటారు. మెడలో గడ్డలు తీసిన వారికి భుజం లేవదు. దానికీ వ్యాయామం ఉంది. నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా, కొత్త గడ్డ తగిలినా, నెత్తురు పడినా, బరువు తగ్గిపోతున్నా మాత్రం తేదీ వచ్చేదాకా ఆగకుండా కేన్సర్ ఆస్పత్రికి వెళ్లాలి.

జబ్బు తగ్గాక మళ్లీ చుట్ట ముట్టించే వారు లేకపోలేదు. “ఇంక ఏమైతే అదైంది” అని వారి వాదన. పొగాకు మానని వారికి మరో కేన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. అలవాటు మానడానికి సాయపడే ప్రభుత్వ టెలిఫోన్ 1800-11-2356కు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.

విస్తరి ముందు ఒంటరితనం

మందు లేని బాధ మరొకటి ఉంది. ముద్దకు ముద్దకు నీళ్లు తాగుతూ, గంటసేపు తినే మనిషి పెళ్లి పంక్తిలో కూర్చోలేడు. పక్కవాళ్లు లేచిపోతారు, విస్తళ్లు ఎత్తేస్తారు. మాట అర్థం కాక ఎదుటివారు రెండుసార్లు అడిగితే మూడోసారి చెప్పబుద్ధి కాదు. క్రమంగా రచ్చబండకు రావడం మానేస్తాడు. ఆడమనిషి అయితే చెప్పనే అక్కర్లేదు. అందరికీ వడ్డించి, చివర్న వంటింట్లో గంజి తాగి పడుకుంటుంది. ఏమైందని అడిగేవారు ఉండరు. ఇంకా అన్యాయం ఏమిటంటే, ఈ జబ్బు అంటుకుంటుందని కొన్ని ఇళ్లలో గ్లాసు, కంచం విడిగా పెడుతున్నారు. రాచపుండు కంచం వల్ల, గ్లాసు వల్ల అంటుకునేది కాదు. పంక్తి చివర ఒక కుర్చీ వేసి, గిన్నెడు పల్చని పప్పన్నం పెట్టి, నిదానంగా తినమనడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

అధికారులు చేయవలసింది

ప్రభుత్వం చేయవలసినది మాత్రం చాలా ఉంది. ఆపరేషన్‌కు, కరెంటుకు కార్డు పనిచేస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరిగే దారి ఖర్చు, పోయిన కూలి, తోడు వచ్చినవారి కూలి ఇంటి మీదే పడుతున్నాయి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి అగనంపూడి వెళ్లాలంటే విశాఖ దాటి, గాజువాక కూడా దాటి పోవాలి. రెండు రోజుల కూలి పోతుంది. మూడోసారి రమ్మన్న తేదీకి వెళ్లక మానేసేది ఇందుకే. పరీక్షలకు వెళ్లే కేన్సర్ రోగికి రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టికెట్ ధర మీద పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి నూటికి 75 వంతుల రాయితీ ఉన్నాయి. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం స్టేషన్‌లో చూపిస్తే చాలు. ఈ సంగతి చెప్పే బోర్డు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడ మీద రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

ముప్పై ఏళ్లు దాటిన వారి నోటిని పరీక్షించవలసిన బాధ్యత ఇప్పటికే ఆరోగ్య సిబ్బందికి ఉంది. వారే తమ ఊళ్లో వైద్యం ముగించుకున్న కేన్సర్ రోగుల పేర్లు కూడా రాసుకోవచ్చు. మూడు నెలలకోసారి బరువు తూచి, నోరు మూడు వేళ్లు తెరుచుకుంటున్నదో లేదో చూసి, థైరాయిడ్ పరీక్షకు పంపవచ్చు. టెక్కలి, పలాస వంటి చోట్ల ప్రభుత్వ ఆస్పత్రిలో నెలకొక రోజు ఈ రోగులకే కేటాయించి, పంటి డాక్టరును, వ్యాయామం నేర్పేవారిని కూర్చోబెడితే వందల కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది. కేన్సర్ ఆస్పత్రుల వారు కూడా రోగిని పంపించేటప్పుడు, ఎక్కడ ఎంత కరెంటు పెట్టారో, ముందు ముందు ఏం చూసుకోవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని ఇంటివారు పట్టా కాగితంలా భద్రపరచాలి.

ఇవి సాధ్యం కాని కోరికలు కావు. ఉద్దానం కిడ్నీ రోగులు ఏళ్ల తరబడి గొంతెత్తగా ఎత్తగా, 2023 డిసెంబరులో పలాసలోనే ఆస్పత్రి ప్రారంభమైంది. నోటి కేన్సర్ నుంచి బయటపడిన వారికి గట్టిగా అడగడానికి గొంతు లేదు. ఉన్న గొంతు కూడా స్పష్టంగా పలకదు. కనుక వారి తరఫున పంచాయతీలు, మహిళా సంఘాలు, మత్స్యకార సంఘాలు అడగాలి. జిల్లా వైద్యాధికారులు వినాలి. ప్రాణం నిలబెట్టిన ప్రభుత్వం ముద్ద దిగే ఏర్పాటు కూడా చేస్తేనే ఆ వైద్యం పూర్తయినట్టు.