ఎనభై స్థానాల మైదానం
విస్తీర్ణంలో రెండు తెలుగు రాష్ట్రాల మొత్తం కన్నా ఉత్తరప్రదేశ్ చిన్నది. జనం మాత్రం 2011 లెక్కల్లో అక్కడ 19.98 కోట్లు, ఇక్కడ ఎనిమిదిన్నర కోట్ల లోపు. ఈ తేడాకు మూలం చాలావరకు మట్టిలోనే ఉంది. గంగ, యమున, ఘాఘ్రా హిమాలయాల నుంచి మోసుకొచ్చిన ఒండ్రు, పెద్దగా తవ్వకుండానే అందే నీరు, ఏటా రెండు మూడు పంటలు. వేల ఏళ్లుగా ఆ నేల కాదనకుండా జనాన్ని పోషిస్తోంది. అదే రాష్ట్రంలో దక్షిణాన బుందేల్‌ఖండ్‌కు దిగితే రాతినేల, నీటి కటకట, పలచబడిన ఊళ్లు, ఢిల్లీకి వలసలు. లక్నోలో గీసే ఒకే ప్రణాళిక రెంటికీ అతుకుతుందా? 2011 నవంబరులో మాయావతి ప్రభుత్వం రాష్ట్రాన్ని నాలుగుగా విభజించాలని శాసనసభలో తీర్మానం చేయించింది. ఎన్నికల ఎత్తుగడ అన్నారు, నిజమే కావచ్చు. అయినా ఆలోచన తప్పు కాదు. 80 లోక్‌సభ స్థానాలు ఒక్కచోట ఉండటం రాజకీయంగా ఎవరికి లాభమో చెప్పనక్కరలేదు. రాష్ట్రాల మధ్య సీట్ల పంపకం ఇప్పటికీ 1971 జనాభా మీదే నడుస్తోంది. దాన్ని తిరగదోడి దక్షిణాది వాటా తగ్గించే ముందు, అటకెక్కిన ఆ తీర్మానాన్ని పార్లమెంటు చర్చకు పెట్టాలి.