తొలి బడి

ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు పులికాట్ సరస్సు, నడుమ శ్రీహరికోట దీవి. 1971లో రోహిణి రాకెట్ల ప్రయోగంతో ఇక్కడ అంతరిక్ష పరిశోధనకు శ్రీకారం జరిగింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇక్కడినుండే నింగికెగసింది. ప్రయోగవేళ అవరోహణ క్రమంలో లెక్కించే అంకెలను దేశమంతా చెవియొగ్గి ఆలకిస్తుంది. ఆ అంకెలను పలికే శాస్త్రజ్ఞుడైనా ఒకనాడు వ్రేళ్ళు మడిచి లెక్క నేర్చుకొన్నవాడే. ఎంతటి విజ్ఞానానికైనా పునాది శైశవంలోనే పడుతుంది.

జర్మనీ దేశీయుడైన ఫ్రోబెల్ 1837లో పసిపిల్లలకై ఒక విద్యాలయాన్ని నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని నామకరణం చేశాడు. ఆ మాటకు 'పిల్లల తోట' అని అర్థం. ఆయన పిల్లల చేతికి బంతులను, కొయ్యదిమ్మలను ఇచ్చాడు. దిమ్మపై దిమ్మను నిలిపే బిడ్డ బరువును, సమతూకాన్ని గ్రహిస్తుంది. పాటతో పదసంపద, కథతో ఊహాశక్తి, తన వంతుకై వేచి ఉండటంతో ఓర్పు అలవడతాయి.

మన దేశంలో 1975 అక్టోబర్ 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలకు రూపమిచ్చింది. మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు పౌష్టికాహారంతోపాటు పూర్వప్రాథమిక విద్యను అందించడం వాటి బాధ్యత. 2020 నాటి జాతీయ విద్యావిధానం సైతం ఈ దశలో ఆటల ద్వారా బోధననే సమర్థించింది. అయినను మూడేండ్ల బిడ్డ పలక నింపితేనే చదువు వచ్చినట్లు భావించే తల్లిదండ్రులు పెక్కుమంది. వ్రేళ్ళకు పట్టు చిక్కకముందే పెన్సిలు పట్టించడం, అర్థం తెలియని పరభాషా గేయాలను వల్లె వేయించడం విద్య అనిపించుకోవు.

శ్రీహరికోటలో తరతరాలుగా జీవించిన యానాదులకు అడవి మూలికలు, దుంపలు, చేపల జాడలు కరతలామలకం. రాకెట్ కేంద్రం కోసం భూమిని సేకరించినప్పుడు వారి కుటుంబాలెన్నో తావు మారవలసి వచ్చింది. ఆ ఇంటి బిడ్డ తొలి బడికి వచ్చేటప్పుడు చెట్ల పేర్లను, పక్షుల కూతలను వెంటబెట్టుకొని వస్తుంది. గవ్వలను లెక్కింపజేస్తే ఆ బిడ్డకు గణితం పట్టుబడుతుంది. పులికాట్‌కు వలసవచ్చే పక్షుల ముచ్చట చెప్పించితే భాష వికసిస్తుంది. ఇంట నేర్చినదానికి బడిలో విలువ లేదని తోచిన బిడ్డ మాత్రం మౌనం వహిస్తుంది, క్రమంగా బడికే దూరమవుతుంది.

దేశ ప్రగతికై తమ నెలవులను విడిచిన వారి సంతతికి ఆ ప్రగతిలో భాగం దక్కాలి. నాడు తాతలు వీడిన దీవికి నేడు మనుమరాలు శాస్త్రజ్ఞురాలై చేరుకోవాలంటే, ఆ దారి ఊరి అంగన్‌వాడీ గడప నుండే మొదలుకావాలి. అందుకు తగిన ఆటవస్తువులు, ఓర్పుగల బోధకురాలు, బిడ్డకు తెలిసిన భాష అక్కడ ఉండేటట్లు చూడటం సమాజం తీర్చవలసిన ఋణం.