వంటింటి జమాఖర్చు: మూటలో మొలకలు, పళ్ళెంలో గుగ్గిళ్ళు

పూట భోజనం గురించి ఎంతో ఆలోచించే మనం సాయంత్రం చిరుతిండి గురించి అంతగా ఆలోచించం. మిక్స్చరో, బిస్కెట్లో, వీధి చివరి సమోసాలో, ఏది చేతికి అందితే అది కానిచ్చేస్తాం. పాలు, కూరలు నెలవారీ లెక్కల్లో రాసుకుంటాం గానీ ఈ చిల్లర ఖర్చు ఏ పద్దులోకీ ఎక్కదు. డబ్బు సంగతి అలా ఉంచినా, ఒంటి మీద పడే ఖర్చు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఈసారి ఇంట్లో మొలకెత్తించిన గింజలతో చేసుకునే చిరుతిళ్ళ గురించి రాస్తున్నాను.

ఇది కొత్తగా వచ్చిన వంట కాదు. బదిలీల మీద నేను తిరిగిన రాష్ట్రాలన్నిటిలోనూ ఇది కనిపించింది. మహారాష్ట్రలో మట్కీ మొలకలతో ఉసళ్ చేస్తారు. ఒడిశాలో మొలకెత్తిన పెసల్ని గజా ముగ అంటారు, కొబ్బరి, అరటిపండు కలిపి పూజలో నైవేద్యం పెడతారు. తమిళనాట నవరాత్రుల్లో సుండల్ లేని ఇల్లుండదు. కన్నడ దేశంలో మొలకెత్తిన ఉలవలతో సారు కాస్తారు. మన గుగ్గిళ్ళు వీటన్నిటికీ అక్కచెల్లెళ్ళే.

ముందు మొలక కట్టే పద్ధతి చూద్దాం. ఒక కప్పు పెసలు తీసుకుని, రాళ్ళు, విరిగిన గింజలు ఏరెయ్యండి. రెండు మూడుసార్లు కడిగి ఎనిమిది గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పూర్తిగా వంచేసి, మళ్ళీ ఒకసారి కడిగి, శుభ్రమైన పలుచని నూలుగుడ్డలో మూటకట్టి చిల్లుల గిన్నెలో ఉంచండి. ఉదయం, సాయంత్రం మూట విప్పి మంచినీళ్ళతో కడిగి మళ్ళీ కట్టాలి. ఎండాకాలంలో ఒక రోజుకే మొలక వస్తుంది, పుణె వంటి చోట చలికాలంలో రెండు రోజులు పట్టవచ్చు. పావు అంగుళం మొలక చాలు. ఉలవలకు పన్నెండు గంటల నానుడు, మరికాస్త ఓపిక కావాలి. మొలకలు జిగటగా ఉన్నా, పుల్లని వాసన వచ్చినా పారబోయడమే మంచిది. బాగున్నవి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటాయి.

ఇక లాభనష్టాల లెక్కకు వద్దాం. కప్పు పెసలు రెండు కప్పులు దాటేసరికి మాంసకృత్తులు కూడా పెరిగాయని చాలామంది అనుకుంటారు. పెరిగింది నీరు. 100 గ్రాముల ఎండు పెసలలో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు. మొలకెత్తాక కూడా మొత్తం మీద దాదాపు అంతే. మరి లాభమేమిటంటారా? గింజలోని ఇనుము, జింకు వంటి ఖనిజాలను ఒంటికి పట్టనివ్వకుండా పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. కడుపుబ్బరం తెచ్చే కొన్ని చక్కెరలు తగ్గుతాయి. ఎండు గింజలో నామమాత్రంగా ఉండే విటమిన్ సి కొత్తగా పుడుతుంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే డిపాజిట్ పెరగలేదు, తీసుకునే వీలు పెరిగింది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. పచ్చివి తింటేనే బలమన్న మాట అందరి నోటా వినిపిస్తోంది. మొలకకు కావలసిన వెచ్చదనం, తడి సూక్ష్మక్రిములకూ కావలసినవే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ప్రబలిన ఇ. కోలై జబ్బుతో యాభై మందికి పైగా చనిపోయారు. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి పచ్చి మొలకలు పెట్టకండి. ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు బాగా ఆవిరి పట్టండి. విటమిన్ సి కొంత పోతుంది, నిజమే. దించాక నిమ్మకాయ పిండితే ఆ లోటు తీరుతుంది, ఇనుము ఒంటికి పట్టడానికీ సాయపడుతుంది.

ఇప్పుడు మూడు రకాలు.

గుగ్గిళ్ళు: చెంచాడు నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, ఉడికిన మొలకలు, ఉప్పు కలిపి రెండు నిమిషాలు మగ్గనివ్వండి. దించి కొబ్బరికోరు, నిమ్మరసం కలపండి.

మొలకల పెసరట్టు: మొలకల్లో గుప్పెడు నానిన బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి, ఉప్పు కలిపి వెంటనే అట్టు పోయండి. పులియనక్కర్లేదు. పైన ఉల్లిపాయ ముక్కలు చల్లితే యానాంవారు కూడా వంక పెట్టరు.

గుంట పొంగణాలు: అదే పిండిని కాస్త గట్టిగా రుబ్బి, ఉల్లి, క్యారెట్ తురుము కలిపి, గుంటకొక నూనె చుక్క వేసి కాల్చండి. కన్నడంలో పడ్డు, తమిళంలో పణియారం అనేవాటిని పోసే పెనమే ఇది. మీ ఇంట్లో ఉండే ఉంటుంది. నూనెలో వేయించిన వడ రుచికి దగ్గరగా వస్తుంది.

మా అత్తగారికి ఎనభై దాటాయి, ఏళ్ళుగా షుగరు. నాలుగింటికి నోట్లో ఏదో ఒకటి పడకపోతే ఆవిడకు తోచదు. బిస్కెట్లు వద్దంటే చిన్నబుచ్చుకునేవారు. “ఈ వయసులో నాకు తిండి మీద కూడా కాపలానా?” అన్నారొకసారి. ఆ మాటకు ఇంట్లో ఎవరిదగ్గరా జవాబు లేదు. ఇప్పుడు ఆవిడకు పళ్ళ పట్టు లేదు కనుక మొలకల్ని మెత్తగా ఉడికించి, కొబ్బరి తగ్గించి, చిన్న గిన్నెలో పెడుతున్నాం. దీనితో షుగరు నయమైందని నేను అనను, మందులు మందులే. కాని బిస్కెట్ల డబ్బా ఖాళీ అయ్యాక మళ్ళీ నింపలేదు. పెసలు ఏరే పని ఆవిడే తీసుకున్నారు. కాపలా అన్న మాట మళ్ళీ రాలేదు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ఎంత తినవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మన పిల్లలకు సుండల్ తెలుసు, ఉసళ్ తెలుసు. గుగ్గిళ్ళంటే కొందరు మొహం చూస్తారు. వండి పెట్టేటప్పుడు ఆ పేరు కూడా పళ్ళెంలో పెట్టండి. దానికి అదనపు ఖర్చేమీ లేదు. మీ ఇంట్లో మొలకలతో ఏం చేస్తారో, దాన్ని ఏమని పిలుస్తారో రాసి పంపితే వచ్చే సంచికలో అందరికీ పంచుదాం.