రసీదు అడగని మేము

2020 మే నెలలో, కరోనా లాక్‌డౌన్‌లో, ముంబై, పుణెల నుంచి పాలమూరు కూలీలు మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చారు. అదే నెల 17న కేంద్రం ఉపాధి హామీకి అదనంగా 40,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. బడ్జెట్‌లో అప్పటికే 61,500 కోట్లున్నాయి. తెలంగాణలో అప్పటి రోజు కూలి 237 రూపాయలు. కష్టంలో ఉన్న ఊళ్లు తేరుకోవడానికి అక్కరకొచ్చే సొమ్ము అది. దాన్ని కూలీ చేతిదాకా చేర్చే దారి మాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. మేమంటే సర్పంచులం, టీచర్లం, విలేకరులం, ఊళ్లో మాట చెల్లేవాళ్లం.

ఆ దారిని పరీక్షించి చూసింది మా దగ్గరే. ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ సహా 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, దేనికి ముందో, దేనికి వెనకో లాటరీ తీసి తేల్చి, స్మార్ట్‌కార్డు చెల్లింపులు పెట్టారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఫలితాలు కొలిచింది. కూలి త్వరగా అందింది, నడుమ మాయమయ్యేది తగ్గింది, బయటి పనుల్లోనూ కూలి రేట్లు పెరిగాయి.

ఇంత రుజువు చేతిలో ఉండగా మేం చేసిందేమిటి? 2020 మార్చిలోనే, సమ్మె చేశారని ఏడు వేలకు పైగా ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను రాష్ట్ర ప్రభుత్వం తొలగించింది. వలసపోయినవాళ్లు ఊరు చేరేసరికి మస్టర్ రాసే మనిషి లేడు. ఆ భారం పంచాయతీ కార్యదర్శి నెత్తిన పడింది. మస్టర్ సంగతి మేం గట్టిగా అడగలేదు. పల్లె ప్రకృతివనం (ఊరి పార్కు), వైకుంఠధామం (శ్మశానవాటిక) ఎప్పుడు పూర్తవుతాయని మాత్రం అడిగాం. అవీ కావలసినవే. కానీ ఆకలి అంతకన్నా ముందు.

మేం రసీదు కూడా అడగలేదు. పని అడిగినవాళ్లకు తేదీ వేసి రసీదు ఇవ్వాలని చెప్పింది ఉపాధి హామీ చట్టం. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి. ఆ రసీదు అరచేతంత కాగితం. "పేరు రాస్కున్నం, పో" అంటే తలూపి వెళ్లిపోయేవాళ్లను పక్క కుర్చీలో కూర్చుని చూశాం. రసీదు లేదు గనక తేదీ లేదు. తేదీ లేదు గనక ఆలస్యం లేదు. ఆలస్యమే లేనప్పుడు భృతి ఎక్కడిది? వలసకు తీసుకెళ్లే మేస్త్రీ అయితే అడ్వాన్సు చేతిలో పెట్టి, బయల్దేరే రోజు చెప్పి, బండి పంపుతాడు. మావాళ్లు మళ్లీ అతని దగ్గరికే పోయారు. పోనిచ్చింది మేమే.

ఫీల్డ్ అసిస్టెంట్లను 2022 ఆగస్టులో తిరిగి తీసుకున్నారు. అప్పటికి మూడు ఎండాకాలాలు దాటాయి. ఆ కాలపు మా గ్రామసభ తీర్మానాల్లో రసీదుల ఊసే లేదు. కింద సంతకాలు మావే.