ఉపేక్షించవలసినది కోరికను, దేహాన్ని కాదు

క్రీస్తును వెంబడించేవాడు తన్ను తాను ‘ఉపేక్షించుకోవాలి’ అని తెలుగు బైబిలు చెబుతుంది. మన వాడుకలో ఉపేక్ష అంటే నిర్లక్ష్యం, పట్టించుకోకపోవడం. ఈ రెండు అర్థాలూ కలిసిపోవడం వల్ల ఆరోగ్యానికి జరిగే నష్టాన్ని వైద్యుడిగా ప్రస్తావించదలచాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలలో ఈస్టరుకు ముందు వచ్చే 40 శ్రమదినాలు ఉపవాస ప్రార్థనల కాలం. చివరి వారాలకు మన వైపు ఎండలు ముదురుతాయి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే మధుమేహ రోగి మందు వేసుకొని భోజనం మానితే, రక్తంలో చక్కెర 70 కంటే దిగువకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మొదలై స్పృహ తప్పే ప్రమాదం ఉంది. పోనీ మందే మానేస్తే చక్కెర అదుపు తప్పుతుంది. కనుక దీర్ఘవ్యాధులు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని సలహా లేకుండా ఉపవాసం ఉండరాదు. కథోలిక ధర్మశాస్త్రం సైతం ఉపవాస నియమాన్ని 18 ఏళ్లు నిండినవారికి, అదీ 59 ఏళ్లు నిండేవరకే విధించింది. దేహాన్ని దేవుని ఆలయంగా భావించే విశ్వాసానికి దాన్ని కూల్చుకోవడం భక్తి కాజాలదు.

అట్లని నిగ్రహం అక్కరలేదని నా అభిప్రాయం కాదు. ఈ ఉపదేశాన్ని మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ నమోదు చేశారు. సిలువను ‘అనుదినము’ ఎత్తుకోవాలన్న మాట మాత్రం లూకా 9వ అధ్యాయంలోనే ఉంది. వైద్యశాస్త్రానికి కూడా ఆ మాటే ప్రధానం. నలభై దినాలు మాంసం మాని, ఈస్టరు నాటి నుండి మళ్లీ యథేచ్ఛగా తింటే రక్తనాళాలకు ఒరిగేది స్వల్పం. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే సుమారు ఒక చెంచా. మారు వడ్డనలో తెల్లన్నం, కంచంలో రెండో పచ్చడి, సాయంత్రపు మద్యం, పొగాకు... వయోజనుని సిలువ ఇక్కడే ఉంది. ఏడాది పొడవునా వీటికి వద్దని చెప్పడం ఒక్కపూట పస్తు కంటే కష్టం.

మరొక సంగతి. ఇంటి యజమాని ఉపవాసం సంఘమంతటికీ తెలుస్తుంది. ఏడాది పొడవునా అందరికీ వడ్డించి, చివర మిగిలినది తినే ఇల్లాలి ఉపవాసం ఎవరి లెక్కలోకీ రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనులే. కారణాలు పలు ఉన్నా, ఇనుము చాలని తిండి వాటిలో ముఖ్యమైనది. ఆమెది తాను కోరి ఎంచుకున్న త్యాగం కాదు. అలవాటుగా ఆమెపై పడిన భారం. అటువంటి వారికి ఇంకా త్యాగం బోధించడం అన్యాయం. త్యాగం చేయవలసినవాడు కంచం నిండుగా ఉన్నవాడు.

వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుని పేరిట తీసి ఉంచే ఆచారం మన సంఘాలకు కొత్త కాదు. మానుకున్నది మరొకరి ఆకలికి చేరాలన్నదే అందులోని ధర్మం. యెషయా 58వ అధ్యాయం ఉపవాసానికి చెప్పిన అర్థమూ ఇదే. ఆ పిడికెడు మొదట మన ఇంట్లోనే చేరవలసిన చోటికి చేరాలి. ఈ పూట ఇంటి ఇల్లాలిని మీతోపాటు కూర్చోబెట్టి, గుడ్డు, పప్పు, ఆకుకూర ముందుగా ఆమెకు వడ్డించండి. మీ మందులు వేళకు వేసుకోండి. మారు వడ్డన మానండి.