పేరు ఒకరిది, ముఖం ఒకరిది... మందు ఎవరిది?

2024, 2025 సంవత్సరాలలో వార్తాపత్రికల వ్యాపార పుటలోను, సాంకేతిక పుటలోను, ఆరోగ్య పుటలోను వేరువేరుగా అచ్చయిన కొన్ని వార్తలు ఒక వైద్యుని కంటికి ఒకే వార్తగా కనిపిస్తాయి. చరక సంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఔషధాన్ని నామం, రూపం, గుణం అనే మూడింటిచేతను ఎరిగి ఉండాలనీ, అట్లా ఎరుగని ఔషధం విషంతో సమానమనీ ఉన్నది. గురుకులంలో మాచేత మొట్టమొదట వల్లె వేయించిన పాఠాలలో ఇది ఒకటి. నేటి విపణిలో నామమూ అరువే, రూపమూ అరువే. గుణాన్ని గూర్చి అడిగేవారే కరువయ్యారు.

ముందుగా నామం సంగతి. అతిసారంతో నీరసించిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పట్టించాలని చదువురాని తల్లికి కూడా నేడు తెలుసు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాలలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపారు. ఇంతటి మంచి పేరును పండ్లరసం వంటి తియ్యని పానీయాలకు తగిలించి, మందుల దుకాణాలలోనే ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాదుకు చెందిన చిన్నపిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఒంటరిగా పోరాడారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. తుదకు 2025 అక్టోబరు 14న భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆహార పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని ఆదేశించింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి. మన నగరంలోనే పుట్టి పెరిగిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ వేసిన పిటిషన్‌ను ఆ నెలాఖరులో న్యాయస్థానం తోసిపుచ్చింది.

ఒక పేరు కోసం ఇంత రగడ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. గ్లూకోజు, లవణం తగుపాళ్లలో కలిసినప్పుడు పేగు వాటిని జతగా గ్రహిస్తుంది. వాటి వెంట నీరు ఒంటికి పడుతుంది. చక్కెర మితిమీరితే ఆ పని తారుమారవుతుంది. ఒంటిలోని నీరే పేగులోనికి లాగబడి విరేచనాలు మరింత అధికమవుతాయి. అనగా తల్లి ప్రేమతో పట్టించినదే బిడ్డ వ్యాధిని పెంచుతుంది. దీనిని వ్యాపార చమత్కారం అనడానికి నాకు నోరు రాదు.

గృహిణులకు ఈ సందర్భంలోనే ఒక మాట. అసలైన ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, ఇరవైనాలుగు గంటలలోపు వాడాలి. పొట్లం దొరకని వేళ లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయాలి. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంగా కాదు. మన శాస్త్రంలో లాజమండం ఉన్నది. వరిపేలాలను పధ్నాలుగు పాళ్ల నీటిలో ఉడికించి, వడగట్టి, చిటికెడు సైంధవ లవణం చేర్చితే అదే లాజమండం. అన్నం తినే వయస్సు వచ్చిన పిల్లలకు ఇది మంచి పథ్యం. అయితే ఇది ద్రావణానికి తోడేగాని బదులు కాదు. చనుబాలు త్రాగే బిడ్డకు చనుబాలు మానిపించరాదు. మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, మలంలో రక్తం పడినా ఏ కషాయం కోసమూ వెదకక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇక రూపం సంగతి. ఒకరి ముఖానికి మరొకరి గొంతును అతికించడం ఫిలింనగర్‌కు కొత్త విద్య కాదు. డబ్బింగ్ కళాకారులు దశాబ్దాలుగా ఆ పని గౌరవంగా చేస్తున్నారు; వారికి పారితోషికం ఉన్నది, ప్రేక్షకునికి అది సినిమా అన్న ఎరుకా ఉన్నది. కృత్రిమ మేధతో తయారయ్యే డీప్‌ఫేక్ వీడియోలో ఈ రెండూ లేవు. 2025 సెప్టెంబరులో నటుడు చిరంజీవి పేరును, చిత్రాన్ని, కంఠస్వరాన్ని అనుమతి లేకుండా వాడుకోరాదని హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదే నెలలో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు అటువంటి రక్షణనే కల్పించింది. పేరున్న వైద్యుల ముఖాలతో కూడా మందుల ప్రచారపు నకిలీ వీడియోలు వచ్చాయి.

నటుని ముఖానికి న్యాయస్థానం రక్షణ ఇవ్వడం సంతోషించవలసిన విషయమే. కాని ఆ ముఖాన్ని నమ్మి మధుమేహం మాత్రలు మానుకొని చూర్ణం కొన్నవానికి రక్షణ ఏది? ఆ మాటకు వస్తే, ముఖం నకిలీదైనా, నటుడు స్వయంగా సంతకం చేసి సొమ్ము పుచ్చుకొని నటించిన అసలు ప్రకటనైనా రోగికి కలిగే తేడా ఏమిటి? కెమెరా ముందు నిలిచినవారికి చూసేవాని నాడి తెలియదు, అగ్నిబలం తెలియదు, అతడు ఇతరత్రా వాడే మాత్రలు తెలియవు. 2024 మే నెలలో పతంజలి ప్రకటనల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే ప్రముఖులకు కూడా సమాన బాధ్యత ఉన్నదని స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. జూబ్లీహిల్స్‌లో పది లక్షలంటే ఏపాటి మొత్తమో పాఠకులే ఊహించుకోగలరు.

నాకు ఎక్కువ బాధ కలిగించిన వార్త మరొకటి. ఆయుర్వేదాది ఔషధాల ప్రకటనలకు ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలన్న 170వ నియమాన్ని 2018లో చేర్చారు. 2024 జులైలో తొలగించారు. ఆ తొలగింపును ఆగస్టులో సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2025 ఆగస్టులో వ్యాజ్యం ముగియడంతో నియమం లేకుండానే పోయింది. ఇది ఆయుర్వేదానికి లభించిన స్వేచ్ఛ అని సంబరపడిన వైద్యమిత్రులు ఉన్నారు. వారితో నేను ఏకీభవించలేను. ఆ నియమం కంపెనీలకు అడ్డుగోడే కావచ్చు, శాస్త్రానికి మాత్రం ప్రహరీగోడ. 1954 నాటి చట్టం ఇంకా అమలులోనే ఉన్నది. మధుమేహం, క్యాన్సరు, స్థూలకాయం, రక్తపోటు మొదలైన యాభైనాలుగు వ్యాధులను నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని అది నిషేధిస్తుంది. ఏ సెల్‌ఫోను తెరచి చూసినా దాని గౌరవం ఎంతో తెలుస్తుంది.

మన ఇంటి దోషాన్ని కూడా చెప్పుకోవాలి. కరోనా రోజులలో తిప్పతీగ రసం త్రాగని ఇల్లు అరుదు. 2021లో ముంబయి వైద్యులు కొందరు, తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ప్రచురించారు. వారు వాడినది అసలు తిప్పతీగేనని నిర్ధారించలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆక్షేపించింది. కాండం నిండా బుడిపెలుండే జాతి తీగ ఒకటి ఉన్నదనీ, రెండింటినీ పొరబడే ప్రమాదం ఉన్నదనీ హెచ్చరించింది. ఆక్షేపణ సబబే. కాని పెరటి గోడమీది తీగ ఏ జాతిదో గుర్తించలేని ఇంటిలో, మోతాదు ఎరుగకుండా, నెలల తరబడి దానిని త్రాగించినది ఎవరి ప్రచారం? మూలికకు దోషమే లేదనడం శాస్త్రం ఎన్నడూ చెప్పని మాట. థైరాయిడ్ మాత్రలు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా అశ్వగంధ తీసుకొనరాదు. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ నాకు కనిపించలేదు.

సీసా చేతికి వచ్చినప్పుడు బొమ్మను ప్రక్కకు త్రిప్పి వెనుకనున్న చిన్న అక్షరాలు చదవాలి. ఆయుర్వేద ఔషధమైతే ఆ మాట, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, ద్రవ్యాల పేర్లు, వాటి పరిమాణాలు ఉంటాయి. వత్సనాభి వంటి విషద్రవ్యాలు చేరినట్లయితే వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక కూడా ఉండాలి. లైసెన్సు సంఖ్యకు బదులు ఆహార సంస్థవారి పధ్నాలుగు అంకెల సంఖ్య మాత్రమే కనిపిస్తే, అది చట్టం దృష్టిలో మందు కాదు, తినుబండారం. ముందువైపు ఎంతటి కథానాయకుడు నవ్వుతున్నా, ఏ వ్యాధినీ కుదురుస్తానని చెప్పుకొనే అధికారం దానికి లేదు.